పైకోర్టుకు పోయేది మనం కాదు, మన కాగితాలు

ఈసారి పోస్టు తామరపురుగు మీదా కాదు, మిర్చి ధర మీదా కాదు. కోర్టుల మీద. కాస్త పొడుగ్గా ఉంటది, తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి. పొలం ఉన్న ప్రతి ఇంటికీ ఎప్పుడో ఒకప్పుడు పనికొచ్చే సంగతి.

గట్టు తగాదా వచ్చినా, అన్నదమ్ముల పంపకం చెడినా, కింద కోర్టులో ఓడిపోయినవాడు రచ్చబండ దగ్గర అనే మాట ఒకటే. "పోతే పోయిందిలే, పైకోర్టులో చూసుకుందాం." ఆ మాట వెనక ఒక నమ్మకం ఉంది. పైన ఇంకా పెద్ద జడ్జిగారు ఉంటారు, ఆయన ముందు మళ్లీ మొదట్నుంచి చెప్పుకోవచ్చు, సాక్షుల్ని మళ్లీ పిలుస్తారు, ఈసారైనా నిజం బయటపడుద్ది అని. ఆ నమ్మకంతో ఉన్న ఎకరాన్ని కాపాడుకోవడానికి ఇంకో అరెకరం అమ్ముకున్నవాళ్లు మన చుట్టుపక్కల తక్కువేం లేరు.

నేను లాయర్ని కాదు. ఇంటర్ దాకా చదివిన మూడెకరాల రైతును. మా ఇంటి దావా ఒకటి పదేళ్లుగా నడుస్తుంటే వాయిదాలకు తిరిగి, బోనెక్కి సాక్ష్యం చెప్పి, తీర్పు నకళ్లు దగ్గర పెట్టుకుని చదివి, అర్థం కానిచోట లాయర్లను విసిగించి తెలుసుకున్న సంగతులివి. మీ కేసుకు మీ లాయరు మాటే మాట. కాకపోతే లాయర్ని ఏం అడగాలో తెలిస్తే సగం పని అయినట్టే.

మనకు తెలిసిన పోలిక చెప్తా. మిర్చి కోసి, కల్లంలో ఆరబెట్టి, తాలు ఏరి, బస్తాలు కట్టి గుంటూరు యార్డుకు తోలతాం. అక్కడ కాయ చూస్తారు, రంగు చూస్తారు, తేమ చూస్తారు. అంతేగాని యార్డులో మళ్లీ నారు పోయరు, మళ్లీ మందు కొట్టరు. కల్లంలో తడిసిన కాయ యార్డుకు పోయాక ఎండిన కాయ కాదు. అప్పీలు కూడా అంతే. కింద కోర్టే మన పొలం, మన కల్లం. పైకోర్టు యార్డు. అక్కడికి పోయేది మనం కాదు, మన కాగితాల కట్ట.

మెట్లు ఎన్ని, ఏ మెట్టు మీద ఏం చూస్తారు

మామూలు భూమి దావా, దాని విలువను బట్టి, జూనియర్ సివిల్ జడ్జి కోర్టులోనో సీనియర్ సివిల్ జడ్జి కోర్టులోనో మొదలవుద్ది. సాక్షులు చెప్పేది అక్కడ. కాగితాలకు ఎగ్జిబిట్ నంబర్లు పడేది అక్కడ. క్రాస్‌లో చెమటలు పట్టేదీ అక్కడే.

దాని మీద మొదటి అప్పీలు. సివిల్ ప్రొసీజర్ కోడు 96వ సెక్షన్ కింద ఇది మన హక్కు. ఈ కోర్టు జరిగిన విషయాన్నీ చూస్తుంది, చట్టాన్నీ చూస్తుంది. కింది జడ్జిగారు సాక్ష్యాన్ని సరిగా అంచనా వేయలేదనుకుంటే మార్చొచ్చు. అయితే సాక్షి మొహం చూసింది కింది జడ్జిగారే గాబట్టి, సాక్షిని నమ్మాలా వద్దా అనే దగ్గర ఆయన అభిప్రాయానికి విలువ ఇస్తారు. కింది తీర్పును తిప్పేసేటప్పుడు ఎందుకు తిప్పుతున్నారో కారణాలు రాయాల్సిందేనని 2001లో సంతోష్ హజారీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద దీంతో పని ఉంది.

ఆపైన హైకోర్టులో రెండో అప్పీలు, 100వ సెక్షన్ కింద. మనవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఈ మెట్టు దగ్గరే. 1976లో పార్లమెంటు ఈ సెక్షన్ మార్చింది. అప్పట్నుంచి "ముఖ్యమైన చట్ట ప్రశ్న" ఉంటేనే రెండో అప్పీలు. ఆ ప్రశ్న ఏమిటో హైకోర్టు ముందుగా రాసుకోవాలి, దాని మీదే వినాలి. అలాంటి ప్రశ్న లేకపోతే గుమ్మంలోనే అప్పీలు కొట్టేస్తారు.

ఏది చట్ట ప్రశ్న, ఏది కాదు? "ఆ రోజు ఆ పొలం దున్నింది ఎవరు?" ఇది జరిగిన విషయం. దీన్ని రెండో అప్పీల్లో మళ్లీ తోడరు. "రిజిస్టరు కాని కాగితాన్ని యాజమాన్యానికి రుజువుగా కింది కోర్టు తీసుకోవచ్చా?" ఇది చట్టం. దీన్ని వింటారు. సాక్ష్యమే లేకుండా ఒక నిర్ణయానికి వచ్చినా, కీలకమైన సాక్ష్యాన్ని అసలు చూడకుండా వదిలేసినా అదీ చట్ట ప్రశ్నే అవుద్ది. కానీ "జడ్జిగారు మా సాక్షిని నమ్మలేదు, మీరు నమ్మండి" అంటే కుదరదు.

"కొత్త కాగితం దొరికింది, పైకోర్టులో పెడతాం" అనేవాళ్లు కూడా ఉన్నారు. ఆర్డర్ 41, రూల్ 27 అని ఒకటుంది. అప్పీల్లో కొత్త సాక్ష్యం మూడే దారుల్లో వస్తుంది. కింది కోర్టు తీసుకోవాల్సిన కాగితాన్ని తీసుకోను అని ఉంటే ఒకటి. ఎంత శ్రద్ధగా వెతికినా అప్పట్లో అది మనకు దొరికే వీలు లేదని రుజువు చేస్తే రెండు. తీర్పు చెప్పడానికి ఆ కాగితం కావాలని కోర్టుకే అనిపిస్తే మూడు. ఇంట్లో అటక మీద ఇరవై ఏళ్లుగా ఉన్న దస్తావేజును "ఇప్పుడే చూశాం" అంటే శ్రద్ధ ఏదయ్యా అని అడుగుతారు.

గడువులు కూడా రాసుకోండి. సివిల్ అప్పీలు జిల్లాలోని కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు. నకలు కోసం దరఖాస్తు పెట్టిన రోజు నుంచి అది తయారయ్యేదాకా పట్టిన రోజుల్ని లెక్కలోంచి తీసేస్తారు. కాబట్టి తీర్పు వచ్చిన మర్నాడే నకలుకు పెట్టాలి. ఇంకోటి, అప్పీలు వేసినంత మాత్రాన కింది డిక్రీ ఆగదు. స్టే విడిగా అడగాలి, కోర్టు ఇస్తేనే ఆగుద్ది. అప్పీలు వేశాం గదా అని ఇంట్లో కూర్చుంటే అవతలివాళ్లు అమలుకు వచ్చేస్తారు.

మా ఇంటి దావా

మా చిన్నాన్న 1992లో ఎకరం మాగాణి కొన్నాడు. ఆ రోజుల్లో అందరూ కొన్నట్టే. పది రూపాయల స్టాంపు కాగితం మీద రాయించుకున్నాడు, డబ్బు మొత్తం ఇచ్చాడు, పొలం స్వాధీనం చేసుకున్నాడు. రిజిస్ట్రేషన్ తర్వాత చేయించుకుందాంలే అన్నారు. అమ్మినాయన పోయాడు, మా చిన్నాన్నా పోయాడు. 2015లో అమ్మినాయన కొడుకులు అదే ఎకరాన్ని పక్కూరి ఆయనకు రిజిస్టరు చేసిచ్చారు. ఆ ఏడు తొలకరికి ట్రాక్టరు వచ్చి నిలబడ్డది.

చిన్నాన్న కొడుకు, నాకు తమ్ముడు, పొలంలోకి రాకుండా ఇంజంక్షన్ కోరుతూ దావా వేశాడు. స్టాంపు కాగితం కోర్టులో పెట్టగానే మొదటి అడ్డంకి వచ్చింది. మన దగ్గర అగ్రిమెంటుతో పాటు స్వాధీనం కూడా ఇస్తే, స్టాంపు డ్యూటీ వరకు దాన్ని అమ్మకం కిందే లెక్కేస్తారు. డ్యూటీ, దాని మీద జరిమానా కడితేగాని కాగితాన్ని సాక్ష్యంలోకి తీసుకోరు. కట్టాం. కాగితానికి నంబరు పడింది. ఇక్కడ ఒక చిన్న సంగతి ఉంది. స్టాంపు చట్టం 36వ సెక్షన్ ప్రకారం ఒకసారి కాగితాన్ని సాక్ష్యంలోకి తీసుకున్నాక, స్టాంపు చాలలేదనే కారణంతో అదే దావాలో ఇంక ఎవరూ దాన్ని ప్రశ్నించలేరు, అప్పీల్లో కూడా. అభ్యంతరం చెప్పదల్చుకుంటే కాగితం బయటికి తీసిన ఆ నిమిషమే చెప్పాలి. ఇది మనకూ వర్తిస్తుంది, అవతలివాళ్లకూ వర్తిస్తుంది.

కింది కోర్టులో తమ్ముడు గెలిచాడు. అడంగల్ కాపీలు, నీటి తీరువా రసీదులు, సొసైటీలో తీసుకున్న పంట లోను కాగితాలు ఉన్నాయి. నేనూ, ఇంకో ఇద్దరూ సాక్ష్యం చెప్పాం. స్వాధీనం మాదేనని జడ్జిగారు రాశారు. మొదటి అప్పీల్లో ఓడిపోయాడు. స్వాధీనం తమ్ముడిదేనని ఆ కోర్టు కూడా ఒప్పుకుంది. కాకపోతే, హక్కు మీదే తగాదా ఉన్నప్పుడు ఉత్త ఇంజంక్షన్ దావా చాలదు, రిజిస్టరు కాని కాగితం హక్కు ఇవ్వదు అని కొట్టేసింది.

ఆ కోర్టు ఆధారం చేసుకుంది మన తెలుగు నేల నుంచే పోయిన ఒక తీర్పు. వరంగల్లు మట్టెవాడలో ఇంటి స్థలాల తగాదా అది. ఒక కుటుంబంలో ఆడబిడ్డ తన అన్నదమ్ముడు నోటిమాటగా ఇచ్చిన స్థలమని అమ్మింది. తర్వాత ఆ అన్నదమ్ముడే అదే స్థలాన్ని ఇంకొకరికి రిజిస్టరు చేశాడు. ముందు కొన్నవాళ్లు ఇంజంక్షన్ దావా వేశారు. ఒక కోర్టులో గెలిచారు, పై కోర్టులో ఓడారు, రెండో అప్పీల్లో హైకోర్టులో మళ్లీ గెలిచారు. చివరికి 2008 మార్చి 25న సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును కొట్టేసింది. ఎందుకు? నోటిమాట దానం గురించి దావాలో సరిగా రాయలేదు, దాని మీద కింది కోర్టులో విచారణాంశం లేదు, అలాంటిదాన్ని రెండో అప్పీల్లో హైకోర్టు తోడి తేల్చింది, అది 100వ సెక్షన్ దాటడమే అని. ఆ తీర్పులోనే ఒక దారి వేసి పెట్టారు. మీ హక్కు మీద ఎవరూ గొడవ చేయకుండా స్వాధీనానికి మాత్రం అడ్డొస్తుంటే ఉత్త ఇంజంక్షన్ చాలు. హక్కు మీదే మబ్బు పట్టి ఉంటే, హక్కు మాదేనని డిక్లరేషన్ కూడా అడగాలి. హక్కు మీదా గొడవై, స్వాధీనం కూడా పోయి ఉంటే డిక్లరేషన్, స్వాధీనం రెండూ అడగాలి. ఇవాళ ఏ భూమి దావాలోనైనా లాయర్ల నోట ఈ తీర్పు వినపడుద్ది.

మొదటి అప్పీలు పోయిన వారానికి తమ్ముడు అరెకరం బేరం పెట్టాడు. "హైకోర్టుకు పోదాం అన్నా. నువ్వు రా, పెద్దాయనల్ని కూడా తీసుకుపోదాం. జడ్జిగారి ముందు నిలబడి చెప్తే నమ్మకుండా పోతారా" అన్నాడు. వాడి బాధ నాకు తెలుసు. ఆ ఎకరంలో వాడి చిన్నప్పటి నుంచీ చెమట ఉంది. కానీ నెలపాడు హైకోర్టులో మమ్మల్ని పలకరించేవాళ్లు ఎవరూ ఉండరురా, మన కట్ట ఒక్కటే మాట్లాడుద్ది అని చెప్పాల్సి వచ్చింది. బేరం ఆపించి, ముందు నకళ్లన్నీ తీయించి, అప్పీళ్లు చేసే ఒక పెద్ద లాయరు దగ్గరికి పోయాం.

ఆయన సాక్షుల గురించి ఒక్క మాట అడగలేదు. మూడు అడిగారు. కాగితం ఏ తేదీది? దావాలో ఏం రాశారు? స్వాధీనం మీద రెండు కోర్టులూ ఏం చెప్పాయి? తర్వాత మాకు అర్థమయ్యేలా చెప్పారు. ఆస్తి బదిలీ చట్టంలో 53-ఏ అని సెక్షన్ ఉంది. రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుని, దాని కింద స్వాధీనం తీసుకుని, తన వంతు చేసేసినవాణ్ని, అమ్మినవాడుగానీ అతని తరఫున వచ్చినవాళ్లుగానీ కదిలించకూడదు. ఇది హక్కు ఇవ్వదు, డాలు మాత్రమే. 2001 సెప్టెంబరు 24 నుంచి వచ్చిన మార్పు వల్ల ఆ తర్వాతి కాగితాలకు రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ డాలు కూడా లేదు. మాది 1992 కాగితం. అవతల కొన్నాయన "నాకు ఈ సంగతి తెలియదు" అనొచ్చు, తెలియక డబ్బిచ్చి కొన్నవాడికి చట్టం రక్ష ఇస్తుంది. కానీ పొలంలో ఒకడు దున్నుకుంటూ ఉంటే, అతని హక్కేమిటో కొనేవాడికి తెలిసినట్టే లెక్క అని అదే చట్టంలో 3వ సెక్షన్ చెప్తుంది. దావాలో ఇవన్నీ రాసి ఉన్నాయి. మొదటి అప్పీలు తీర్పులో మాత్రం 53-ఏ గురించి ఒక్క ముక్క లేదు. కారణాలు రాయాలని పైన చెప్పానే, అది ఇక్కడ పనికొచ్చింది.

"మీ సాక్షుల బలంతో కాదు, ఈ ప్రశ్నతో పోవచ్చు. గెలుస్తారని మాత్రం చెప్పను" అన్నారాయన. ఆ మాట నాకు నచ్చింది. 2015లో తగాదా వచ్చినప్పుడే, మూడేళ్ల గడువు లోపల రిజిస్టరు చేసివ్వమని కూడా దావా వేసి ఉంటే దారి వేరేగా ఉండేదట. ఆ గడువు ఇంజంక్షన్ వాయిదాల్లోనే గడిచిపోయింది. ఏ కోర్టూ ఆ రోజులు వెనక్కి ఇవ్వదు. అరెకరం అమ్మలేదు. రెండేళ్లకు కౌలుకిచ్చి ఆ డబ్బుతో అప్పీలు వేశాం. ప్రస్తుతం స్టే ఉంది. తీర్పు ఎటు వస్తుందో చూడాలి.

పాసుపుస్తకం ఉంది గదా అంటారు

ఉంటే మంచిదే. రికార్డులో ఉన్న పేరును, తప్పని ఎవరైనా రుజువు చేసేదాకా నిజమనే అనుకోవాలని మన 1971 నాటి పాసుపుస్తకాల చట్టం చెప్తుంది. కానీ "రుజువు చేసేదాకా" అనే మాట వదిలేయకండి. మ్యుటేషన్ పన్ను వసూలు కోసం రాసుకునేదే, అది హక్కు పుట్టించదు, తీసేయదు అని సుప్రీంకోర్టు ఒకసారి కాదు, చాలాసార్లు చెప్పింది. అలాగే జనరల్ పవర్ రాయించుకుని, అగ్రిమెంటు పెట్టుకుని, ఇదే అమ్మకం అనుకుంటే కుదరదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చేసింది. అమ్మకమంటే రిజిస్టరైన అమ్మకం దస్తావేజే.

ఆడపిల్లల వాటా సంగతి కూడా చెప్పాలి. మన ఉమ్మడి రాష్ట్రంలో 1986 చట్టంతోనే, 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా వచ్చింది. 2005లో కేంద్రం దేశమంతా ఇచ్చింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీలు, ఆ హక్కు పుట్టుకతోనే వస్తుంది, 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదు అన్నారు. అంతకన్నా మనకు ముఖ్యమైన మాట ఇంకోటి అన్నారు. "ఎప్పుడో నోటిమాటగా పంచుకున్నాం" అని ఎవరైనా అంటే ఊరికే నమ్మేది లేదు, ప్రభుత్వ రికార్డుల్లాంటి గట్టి ఆధారం చూపించాలి అని. చెల్లెలికి ఇవ్వాల్సింది ఇచ్చి, పంపకాన్ని రిజిస్టరు చేయించుకున్న ఇంట్లో అప్పీలు మాటే రాదు.

మన గుంటూరు గడ్డివామి లండన్ దాకా పోయింది

పొలం తగాదా ఎప్పుడూ సివిల్ కోర్టులోనే ఆగదు. గట్టు మీద కర్రలు లేస్తే క్రిమినల్ కేసు. మా దాంట్లోనూ ట్రాక్టరు వచ్చిన రోజు తోపులాట జరిగి, రెండు వైపులా కేసులయ్యాయి. దేవుడి దయవల్ల దెబ్బలు పెద్దవి కావు. అందుకని ఈ పక్క కూడా కాస్త తెలుసుకోవాల్సి వచ్చింది. అప్పుడు తెలిసింది, దేశంలో ప్రతి లా కాలేజీలోనూ చెప్పే ఒక తీర్పు మన గుంటూరు జిల్లా పల్లెటూరి కేసని. పులుకూరి కోటయ్య కేసు.

తెల్లవాళ్ల కాలం. ఊళ్లో రెండు పార్టీలు. పొద్దుగూకే వేళ పులిపాడు చెరువు దగ్గర ఒక పార్టీవాళ్లు కాపుకాసి రెండో పార్టీవాళ్ల మీద పడ్డారని, ఇద్దరు చనిపోయారని కేసు. గుంటూరు సెషన్స్ కోర్టులో విచారణ. అప్పట్లో జడ్జి పక్కన అసెసర్లని స్థానికులు కూర్చుని అభిప్రాయం చెప్పేవారు. వాళ్లు ప్రాసిక్యూషన్ సాక్ష్యాన్ని నమ్మలేదు, జడ్జి నమ్మాడు. అయితే సాక్షులంతా ఎదుటి పార్టీవాళ్లే గాబట్టి వాళ్ల మాటకు ఇంకో ఊతం కావాలనుకున్నాడు. ఆ ఊతం ముద్దాయిలు పోలీసులకు చెప్పినట్టు రాసిన మాటల్లో దొరికిందన్నాడు. శిక్షలు పడ్డాయి. మద్రాసు హైకోర్టు ఖాయం చేసింది. అక్కణ్నుంచి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు పోయింది. 1946 డిసెంబరులో సర్ జాన్ బ్యూమాంట్ తీర్పు రాశాడు.

అక్కడ తేల్చాల్సింది ఎవరు చంపారన్నది కాదు. పోలీసుల దగ్గర చెప్పిన మాటలో ఎంతవరకు కోర్టు చదవొచ్చు అన్నది. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది సాక్ష్యం కాదని చట్టం. దానికి 27వ సెక్షన్‌లో ఒక సందు ఉంది. ముద్దాయి చెప్పిన సమాచారం వల్ల ఏదైనా బయటపడితే, దానికి సంబంధించిన మాట మేరకు తీసుకోవచ్చు. ఒక ముద్దాయి చెరువు దగ్గర కాపుకాసిన సంగతి, కొట్టిన సంగతి చెప్పి, బల్లెం, కర్ర ఊళ్లో ఫలానావాళ్ల గడ్డివామిలో దాచాను, వస్తే చూపిస్తాను అన్నాడని రాశారు. కింది కోర్టులు మొత్తం చదివేశాయి. ప్రివీ కౌన్సిల్ అలా కుదరదంది. గడ్డివామిలో దాచాను, చూపిస్తాను అనేంత వరకే సాక్ష్యం. కాపుకాశాం, కొట్టాం అన్నది సాక్ష్యం కాదు. బయటపడింది ఉత్త బల్లెం కాదు, అది ఎక్కడుందో ఆ మనిషికి తెలుసుననే సంగతి. ఆ బల్లెంతోనే పొడిచాడని వేరే సాక్ష్యంతో రుజువు చేసుకోవాలి.

ఆ కేసులోనే పోలీసులు మొదట రాసుకున్న వాంగ్మూలాల పుస్తకాన్ని ముద్దాయిలకు సమయానికి ఇవ్వలేదనే తగాదా కూడా వచ్చింది. తప్పేనన్నారు గానీ, దాని వల్ల ముద్దాయిలకు అన్యాయం జరగలేదు గాబట్టి విచారణ మొత్తం కొట్టుకుపోదు అన్నారు. చివరికి, ఆ పనికిరాని మాటలు తీసేస్తే మిగిలిన సాక్ష్యం శిక్షకు చాలుతుందా లేదా చూడమని కేసును మద్రాసు హైకోర్టుకు వెనక్కి పంపారు. చూశారా, లండన్ దాకా పోయినా సాక్షుల్ని పిలవలేదు. కట్టలో ఏ కాగితం ఉండాలి, ఏది తీసేయాలి, అంతవరకే. ఎనభై ఏళ్లు దగ్గరపడుతున్నా ఆ మాటే నడుస్తోంది. 2024 జులై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం వచ్చి 27వ సెక్షన్ పోయి 23లో కలిసింది, మాట మాత్రం మారలేదు.

దీన్నుంచి మనకు పనికొచ్చేవి కొన్ని. గొడవ జరిగితే ఆ పూటే ఫిర్యాదు ఇవ్వాలి. కేసు కట్టదగిన నేరమైతే పోలీసులు ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో అయిదుగురు జడ్జీలు చెప్పారు. ఫిర్యాది కాపీ ఉచితం, అడిగి తీసుకోండి. లేనివాళ్ల పేర్లు పగతో ఇరికించొద్దు. ఒక్క పేరు అబద్ధమని తేలితే మిగతా మాటల మీద కూడా అనుమానం వస్తుంది, అసలు దోషి కూడా దాంతోనే బయటపడతాడు. దెబ్బ తగిలితే ముందు గవర్నమెంటు ఆసుపత్రి, గాయాల సర్టిఫికెట్. పోలీసులు మన వాంగ్మూలం రాసుకున్నప్పుడు దాని మీద సంతకం పెట్టించకూడదు, అది చట్టం. కానీ అప్పుడు చెప్పని ముఖ్యమైన సంగతి కోర్టులో కొత్తగా చెప్తే, క్రాస్‌లో దాన్నే పట్టుకుంటారు. ఆ వ్యత్యాసం రికార్డులో ఎక్కి, అప్పీల్లో కూడా మన వెనకే వస్తుంది. ముద్దాయి నిర్దోషి అని కింది కోర్టు వదిలేస్తే ఇప్పుడు బాధితులు కూడా అప్పీలు వేసుకోవచ్చు. అయితే సాక్ష్యాన్ని రెండు రకాలుగా చూసే వీలుంటే, వదిలేసిన తీర్పును కదిలించరాదని 2007లో చంద్రప్ప కేసులో చెప్పిన మాట నడుస్తోంది. సివిల్లో ఎటు మొగ్గితే అటు, క్రిమినల్లో మాత్రం అనుమానం మిగలకూడదు.

రాజీ కూడా ఒక తీర్పే

అప్పీలు మధ్యలో అయినా లోక్ అదాలత్‌లో రాజీ పడొచ్చు. కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. కాకపోతే అక్కడ సంతకం పెట్టినదాని మీద అప్పీలు ఉండదు. అందుకే హద్దులు, సర్వే నంబరు, విస్తీర్ణం, డొంకదారి అన్నీ చదివించుకుని పెట్టండి. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంది. ప్రతి కోర్టు ఆవరణలోనూ న్యాయసేవల కమిటీ ఉంటది, అడగండి.

ఇంత రాసింది ఎవర్నీ కోర్టుకు పోవద్దని కాదు. అన్యాయం జరిగితే పోవాల్సిందే. పోయేముందు మాత్రం ఇంట్లో ట్రంకు పెట్టె తెరవండి. తెల్లకాగితాల మీద ఉన్న పొలాలేవో, అమ్మినవాళ్లు బతికుండగానే రిజిస్టరు చేయించుకోగలిగినవేవో చూసుకోండి. అడంగల్ నకళ్లు, తీరువా రసీదులు, పంట లోను కాగితాలు ఏడాది వారీగా ఒక సంచిలో పెట్టండి. దావా వేసేటప్పుడు లాయరు రాసిన దావా కాపీని మీ పిల్లలతో తెలుగులో చెప్పించుకుని వినండి, అందులో లేనిది పైన ఎవరూ వినరు. సాక్ష్యం చెప్పేవాడు చూసిందే చెప్పాలి. ఎకరం అమ్మి హైకోర్టుకు పోతానంటున్న మనిషి మీ ఊళ్లో ఉంటే, అడ్వాన్సు తీసుకోకముందే ఒక్క మాట అడగండి. "నీ కేసులో చట్ట ప్రశ్న ఏంటి?" అని. జవాబు ఉంటే పోనీయండి. లేకపోతే ఆ ఎకరాన్ని మిగలనీయండి.

మీ ఊళ్లో ఇలాంటి అనుభవాలుంటే పేర్లు, సర్వే నంబర్లు లేకుండా కింద రాయండి. పదిమందికీ ఉపయోగపడుద్ది.